34 అంగుళాల బాస్‌కి తక్కువ టెన్షన్ తీగలు: ఎనిమిది నెలలు వాయించాక

నా బాస్ గిటార్ మీద ఇప్పుడున్నవి థోమాస్టిక్ ఇన్‌ఫెల్డ్ వాళ్ల జాజ్ ఫ్లాట్స్ (పైన నున్నగా ఉండే తీగలు), జెఎఫ్ 344 సెట్. తక్కువ టెన్షన్ అంటే తీగ లాగుడు తక్కువ, చేతికి మెత్తగా ఉంటుంది. వేసి ఎనిమిది నెలలైంది. ముందే చెప్పేస్తా, నాకు బాగా నచ్చాయి, తీసే ఆలోచన లేదు. అలాగని "చేతికి మెత్తగా ఉండే తీగలు చెప్పన్నా" అని అడిగిన ప్రతివాళ్లనీ ఇవే కొనమనను. ఇక్కడిదాకా వచ్చేలోపు ఒక సెట్ డబ్బులు వృథా అయ్యాయి, ఒక మంచి తీగ చచ్చిపోయింది, నెక్ (వేళ్లు నొక్కే పొడుగు కర్ర) సెటప్ రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. మన ఒంగోలు, నెల్లూరు వైపు బాస్ వాయించేవాళ్లకి ఈ విషయం తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

మాది ఒంగోలు. పగలు చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసులో లెక్కలు చూస్తా, అంటే పొద్దస్తమానం వేళ్లు కీబోర్డు మీదే. ఆదివారం చర్చిలో బాస్, అప్పుడప్పుడు పెళ్లి రిసెప్షన్లకి ఆర్కెస్ట్రాలో. అమెరికన్ మిషనరీ క్లౌ దొర 1866లో వచ్చి మిషన్ పెట్టిన ఊరు ఇది, నాకు తెలిసిన బాస్ వాళ్లంతా ఏదో ఒక చర్చి క్వయిర్‌లో నేర్చుకున్నవాళ్లే. పోయినేడు ఫిబ్రవరిలో మూడు రోజుల సువార్త సభలు జరిగాయి. రోజూ రాత్రి మూడు గంటలు, అందులో సగం పాటలు సిక్స్ ఎయిట్ తాళంలో గబగబా నడిచేవి. రెండో రోజుకే ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. మూడో రోజు రాత్రి ఆఖరి పాటలో లావు తీగని మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర నొక్కితే స్వరం పలకలేదు, చప్పగా 'టక్' అంది, చేతిలో ఆ కాస్త బలం కూడా లేదు. డ్రమ్స్ వాయించే తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు అనుకున్నా, వాయించే పద్ధతి ఒక్కటే కాదు, తీగల సంగతీ చూడాలని.

అప్పుడు నా బాస్ మీదున్నవి మామూలు 45-105 రౌండ్ వౌండ్ తీగలు (ఈ అంకెలు సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) మీద ఇలాంటి సెట్ శ్రుతి చేస్తే నాలుగు తీగలూ కలిసి నెక్‌ని సుమారు 75 కిలోల బరువుతో లాగుతుంటాయి. అంటే 25 కిలోల బియ్యం మూటలు మూడు వేలాడదీసినట్టు. ఆ 34 అంగుళాలు 1951లో ఫెండర్ ప్రెసిషన్ బాస్‌తో వచ్చిన కొలత, ఇవాళ్టికీ లాంగ్ స్కేల్ అంటే అదే. 30 అంగుళాల షార్ట్ స్కేల్ బాస్ మీద అదే తీగని అదే శ్రుతికి బిగిస్తే టెన్షన్ దాదాపు 22 శాతం తక్కువ ఉంటుంది. షార్ట్ స్కేల్ వాయించిన వాళ్లు లాంగ్ స్కేల్ పట్టుకుని "ఏంది ఇంత గట్టిగా ఉంది" అనడానికి కారణం ఇదే. బాస్ మార్చకుండా ఆ గట్టిదనం తగ్గాలంటే మన చేతిలో ఉన్నది తీగే.

మొదట నేను చేసిన పొరపాటు చెప్తా. వేరే ఊళ్లో ఒక కొట్టుకెళ్లి చేతికి మెత్తగా ఉండే తీగలు కావాలన్నా. "ఫ్లాట్ వౌండ్ వేసుకోండి సార్, వెన్నలా ఉంటాయి" అని 45-105 ఫ్లాట్స్ సెట్ ఒకటి చేతిలో పెట్టారు. వేలు జారిస్తే నిజంగానే వెన్నే. కానీ నొక్కితే పాత తీగల కంటే గట్టిగా ఉన్నాయి. నున్నగా ఉండడం వేరు, మెత్తగా ఉండడం వేరు, ఆ తేడా నాకు అప్పటిదాకా తెలియదు. రౌండ్ వౌండ్‌లో కోర్ (లోపలి తీగ) చుట్టూ గుండ్రటి తీగ చుడతారు, చుట్టుకీ చుట్టుకీ మధ్య సందుంటుంది. ఫ్లాట్‌లో పైన చుట్టేది పట్టీలాంటి తీగ, సందు ఉండదు. అదే లావులో లోహం ఎక్కువ పడుతుంది, తీగ బరువెక్కుతుంది. బరువైన తీగ అదే శ్రుతి పలకాలంటే ఇంకా గట్టిగా లాగాలి. అందుకే ఒకే నంబరున్న రెండు సెట్లలో సాధారణంగా ఫ్లాట్ సెట్టే ఎక్కువ టెన్షన్. ఆ సెట్ రెండు వారాలు కూడా ఉంచలేకపోయా.

ఇప్పుడు ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది, డబ్బులు తీయొద్దు, ముందు ఇంట్లో ఒక పని చేసి చూడండి అని. ఉన్న తీగలనే నాలుగూ అర స్వరం కిందికి దించి, ఒక వారం పాటు అన్నీ ఒక ఫ్రెట్ పైకి జరిపి సాధన చేయండి. శ్రుతి ఆరు శాతం కూడా తగ్గదు, టెన్షన్ మాత్రం 11 శాతం దాకా తగ్గుతుంది, ఎందుకంటే టెన్షన్ శ్రుతికి వర్గంలో మారుతుంది. పూర్తి స్వరం దించితే 20 శాతం తగ్గుతుంది. చేతికి 11 శాతం సరిపోతుందా, ఇంకా కావాలా, లేక అంత లూజుగా ఉంటే అసలు వాయించలేకపోతున్నారా, ఈ మూడింట్లో మీది ఏదో ఆ వారంలో తేలిపోతుంది. నాకు అర స్వరం దగ్గర హాయిగా అనిపించింది, పూర్తి స్వరం దగ్గర తీగ చేతి కింద ఈదుతున్నట్టుంది. ఆ రెంటి మధ్య ఎక్కడో ఉండే సెట్ కావాలని తెలిసింది. ఆ తర్వాతే కొన్నా.

అలా తెచ్చుకున్నది డడారియో ఈఎక్స్ఎల్ 220, నికెల్ రౌండ్ వౌండ్, 0.040, 0.060, 0.075, 0.095. తీగ బరువు లావు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి లెక్కేసుకోవచ్చు: 105 నుంచి 95కి వస్తే లావు తీగ మీద సుమారు 18 శాతం, 45 నుంచి 40కి వస్తే సన్న తీగ మీద 20 శాతం పైన టెన్షన్ తగ్గుతుంది. నాలుగు నెలలు వాయించా. ఒక్క మాటలో, తక్కువ ఖర్చుతో చేతికి హాయి కావాలంటే ఇంతకన్నా తేలిక దారి లేదు. శబ్దం తేటగా ఉంటుంది, బహిరంగ సభల్లో షామియానా కింద డ్రమ్స్, కీబోర్డు, రెండు డప్పుల మధ్య కూడా బాస్ ఏం వాయిస్తుందో వినపడుతుంది. నికెల్ పూత చుట్టు కాబట్టి ఫ్రెట్ల మీద స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ గీసినట్టు గీయదు. ఒక్కటే, ఏ రౌండ్ వౌండ్ తీగైనా మన దగ్గర మెరుపు తొందరగా పోగొట్టుకుంటుంది. రోహిణి కార్తెలో ఒంగోలు చెమట సంగతి తెలిసిందే, పైగా కొత్తపట్నం వైపు నుంచి ఉప్పు గాలి. చుట్ల మధ్య సందుల్లోకి చెమట, మురికి చేరితే తీగ మొద్దుబారిపోతుంది. వాయించిన ప్రతిసారీ పాత పంచె గుడ్డతో తీగ కింద భాగం కూడా తుడవాలి. పైపైన తుడిస్తే లాభం లేదు.

మరి ఇది బాగుంటే ఫ్లాట్స్‌కి ఎందుకు పోయానంటే, చర్చి కోసం. మా మందిరం రేకుల కప్పు, గోడలు వట్టి సిమెంటు. రౌండ్ వౌండ్ మీద వేలు జారినప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు మైకులో బాగా తెలుస్తుంది, ప్రార్థన సమయంలో నెమ్మదిగా వాయించే చోట అది నాకు చాలా ఇబ్బందిగా ఉండేది. ఫ్లాట్స్ శబ్దం కావాలి, కానీ ఆ మొదటి సెట్ గట్టిదనం వద్దు. అలా వెతికితే రెండు దారులు కనపడ్డాయి: లా బెల్లా వాళ్ల లో టెన్షన్ ఫ్లెక్సిబుల్ ఫ్లాట్స్, వియన్నా కంపెనీ థోమాస్టిక్ ఇన్‌ఫెల్డ్ జాజ్ ఫ్లాట్స్. లాంగ్ స్కేల్‌కి రెండోది జెఎఫ్ 344, లావులు 0.043, 0.056, 0.070, 0.100. ఖరీదు మామూలు రౌండ్ వౌండ్ సెట్లు రెండు మూడు కొనుక్కునేంత ఉంది. ఫ్లాట్స్ ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి సరేనని తెప్పించుకున్నా.

ఆ అంకెలు మళ్లీ ఒకసారి చూడండి. లావు తీగ 0.100. డడారియో సెట్‌లోది 0.095. ప్యాకెట్ మీద నంబరు చూస్తే థోమాస్టిక్‌దే గట్టిగా ఉండాలి. వేశాక చేతికి తెలిసింది వేరు, ఇది ఇంకా వంగుతుంది. కోర్ ఎంత లావు, ఏ ఆకారం, పైన చుట్టింది ఎంత బరువు, వీటన్నిటినీ బట్టి తీగ వంగుడు మారుతుంది. అందుకే తీగ లావు చూసి కొనొద్దు, ఒక్కో తీగ లాగుడు ఎన్ని పౌండ్లో చూసి కొనండి అని నొక్కి చెప్తున్నా. ఆ లెక్క డడారియో లాంటి కంపెనీలు బయటే ఇస్తాయి. ఇప్పుడున్న సెట్ పౌండ్లూ, కొనబోయే సెట్ పౌండ్లూ పక్కపక్కన రాసుకుంటే కొట్టతను ఏం చెప్పినా మోసపోరు. కొత్తగా బిగించిన నులక మంచానికీ నాలుగేళ్లు పడుకున్న నులక మంచానికీ నులక లావు ఒకటే, పడుకుంటే కదా తేడా తెలిసేది.

తీగలు వేయడంలో జరిగిన నష్టం గురించి కూడా చెప్పాలి. కోర్ ఆరు పలకలుగా ఉంటే ఆ అంచులు పైచుట్టుని పట్టి ఉంచుతాయి. కోర్ గుండ్రంగా ఉంటే తీగ బాగా వంగుతుంది, కానీ పైచుట్టు జారకుండా పట్టే అంచులేవీ ఉండవు. అలాంటి తీగని కత్తిరించే ముందు, కత్తిరించబోయే చోటికి కాస్త ఇవతల పట్టకారుతో ఎల్ ఆకారంలో ఒక మడత వేయాలి, ఆ తర్వాతే కత్తిరించాలి. వేసవిలో గుండ్రటి కోర్ ఉన్న సెట్ ఒకటి వేరే కంపెనీది పరీక్షగా కొని, వేయించడానికి ఒక రిపేరు షాపులో ఇచ్చా. అతను కొలిచి, మడవకుండా చటుక్కున కత్తిరించాడు. నా కళ్ల ముందే కొస దగ్గర చుట్టు సర్‌మని పావు మలుపు తిరిగింది. చూడ్డానికి ఏమీ కాలేదు. శ్రుతి చేస్తే ఆ తీగ ఒక్కటీ గోనెసంచి మీద కొట్టినట్టు 'దబ్' అంటుంది, స్వరం నిలవదు. ఇక అది పనికిరాదు. తప్పు అతనిది, డబ్బు నాది. జెఎఫ్ 344 వచ్చాక ఇంట్లో నేనే కూర్చుని, కోర్ ఏదైనా సరే అని నాలుగూ మడిచి, కత్తిరించి, ఒక్కో తీగ మేకు చుట్టూ పై నుంచి కిందికి మూడు చుట్లు వచ్చేలా వేశా. తీగ మెలి పడకుండా గుండు (తీగ చివర బ్రిడ్జిలో కూర్చునే చిన్న పూస) వైపు వదులుగా పట్టుకుని తిరగనివ్వాలి, ఇదొక్కటి చూసుకుంటే కష్టమేమీ లేదు.

ఆ రాత్రి వాయిస్తే మొదటి మూడు ఫ్రెట్లలో అన్ని తీగలూ జర్రున కొట్టాయి. ఇక్కడే చాలామంది "ఈ తీగలు చెత్త" అని తీసేస్తారు. తీగలది తప్పు కాదు. నెక్ లోపలున్న ట్రస్ రాడ్ అనే ఇనప కడ్డీని పాత తీగల లాగుడుకి సరిపడా బిగించి పెట్టాం. ఇప్పుడు లాగుడు తగ్గింది, రాడ్ బలం మాత్రం అలాగే ఉంది, నెక్ తిన్నగా అయిపోయి వెనక్కి కూడా ఒరుగుతుంది. తీగకి ఊగడానికి చోటు లేదు. దీనికి తోడు మెత్తని తీగ మామూలు దానికంటే వెడల్పుగా ఊగుతుంది. నేను చేసిందేమిటంటే, మొదటి ఫ్రెట్ ఒక చేత్తో, నెక్ ఒంటికి కలిసే చోట ఫ్రెట్ ఇంకో చేత్తో నొక్కి పట్టి, మధ్యలో ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద ఖాళీ చూశా. అసలు లేదు. అక్కడ విజిటింగ్ కార్డు మందం, అంటే 0.3 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉండాలి. ట్రస్ రాడ్‌ని ఎడమకి పావు చుట్టు మాత్రమే వదులు చేసి, మళ్లీ శ్రుతి చేసి, తెల్లారేదాకా ముట్టుకోలేదు. పొద్దున చూస్తే కార్డు దూరింది. రాడ్ బిగుసుకుపోయి తిరగకపోతే బలం చేయొద్దు, తెలిసినవాళ్ల దగ్గరకి తీసుకెళ్లండి. తర్వాత 17వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 2 మిల్లీమీటర్ల నుంచి రెండున్నరకి లేపా. ఆఖరున 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి పలికించే స్వరం), నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో కలిసేదాకా శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) జరిపా. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్ వెనక్కి, తక్కువ పలికితే ముందుకి. ఈ పనంతా చేయకుండా ఏ తక్కువ టెన్షన్ సెట్ మీదా తీర్పు చెప్పకండి.

సెటప్ తర్వాత చెయ్యి మారాలి. నాకు రెండు నెలలు పట్టింది. ఇన్నేళ్లు కుడిచేత్తో బలంగా లాగే అలవాటు. మెత్తని తీగని అలా లాగితే స్వరం మొదట కాస్త ఎక్కువ శ్రుతిలో పుట్టి తర్వాత దిగుతుంది, పైగా ఫ్రెట్‌కి తగిలి 'టప్' మంటుంది. ఆంప్ వాల్యూమ్ పెంచుకుని, వేలి కొసతో తాకి వదిలేయాలి. వేలు నెక్ వైపు పెడితే తీగ ఇంకా వదులుగా, బ్రిడ్జి వైపు పెడితే గట్టిగా అనిపిస్తుంది. గబగబా నడిచే పాటల్లో నేను బ్రిడ్జి వైపు జరుగుతున్నా, నెమ్మది పాటలకి మళ్లీ మధ్యకి. స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి) వాయించేవాళ్లకి ఈ సెట్ చెప్పను. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకి బాస్ వాయించిన జేమ్స్ జామర్సన్ వాడింది 52 నుంచి 110 లావున్న ఫ్లాట్స్, తీగ ఎత్తు కూడా బాగా ఎక్కువ. బలంగా వాయించడమే మీ పద్ధతైతే, చేతిలో నొప్పి లేకపోతే ఆ దారే సరైనది, "మెత్తని తీగలు మేలు" అని ఎవరన్నా వినకండి.

శబ్దం గురించి. ఫ్లాట్స్ అంటే మూగగా, దుప్పటి కప్పినట్టు ఉంటాయని అనుకునేవాణ్ణి. ఇవి అలా లేవు. మధ్య స్థాయిలో ఒక గురగుర ఉంది, స్వరం చాలాసేపు నిలుస్తుంది, డి, జి తీగల మీద పైకెళ్లి వాయిస్తే పాట పాడుతున్నట్టే ఉంటుంది. ఇళయరాజా గారి పాటల్లో బాస్ ఎప్పుడూ కింద కూర్చోదు కదా, పల్లవి పక్కనే ఇంకో గొంతులా నడుస్తుంది. రిసెప్షన్లలో అవి వాయించేటప్పుడు ఈ తీగలు ఇచ్చే ఆనందం నాకు ఇంకే సెట్టూ ఇవ్వలేదు. మందిరంలో ప్రార్థన సమయంలో కిర్రు చప్పుడు లేదు. మా పాస్టరు అయ్యగారికి తీగల సంగతేమీ తెలియదు, రెండో ఆదివారం ఆయనే "బాస్ ఇవాళ బాగా తెలుస్తుందయ్యా, ఏం చేశావు" అని అడిగారు.

బహిరంగ సభల్లో మాత్రం శ్రద్ధ కావాలి. ఈ ఫిబ్రవరి సభలు వీటితోనే వాయించా. మొదటి రోజు మైదానంలో వెనక కూర్చున్నవాళ్లకి బాస్ ఉరుములా వినిపిస్తుంది కానీ స్వరం తెలియడం లేదన్నారు. మైక్ సెట్ అతనితో కూర్చుని అడుగు భాగం కొంత తగ్గించి, మధ్య భాగం లేపించాక రెండో రోజు నుంచి సర్దుకుంది. ఇంకోటి, మధ్యాహ్నం ఎండలో స్టేజి మీద పెట్టిన బాస్ సాయంత్రానికి శ్రుతి తప్పుతుంది. ఏ తీగలకైనా ఇది ఉన్నదే, కానీ టెన్షన్ తక్కువ ఉంటే కాస్త సాగినా తేడా ఎక్కువ చూపిస్తుంది. పాటకీ పాటకీ మధ్య ట్యూనర్ చూసుకుంటున్నా. చెయ్యి సంగతి అడుగుతారేమో, మూడో రోజు రాత్రి ఆఖరి పాట దాకా నొప్పి రాలేదు. ఆఫీసులో గంటకోసారి లేచి మణికట్టు తిప్పడం కూడా మొదలుపెట్టా కాబట్టి మొత్తం ఘనత తీగలకే ఇవ్వను. నొప్పి ఎక్కువుంటే ముందు డాక్టరుకి చూపించుకోండి, తీగలు ఆ తర్వాత.

ఒకే బాస్ ఉంది, ఎక్కువగా బయట సభలు, ఆర్కెస్ట్రాలే అనేవాళ్లు 40-95 నికెల్ రౌండ్స్ వేసుకోండి, ఖర్చు తక్కువ, పని నడుస్తుంది. చర్చి లోపల, చిన్న హాళ్లలో వాయించేవాళ్లు, తేలిగ్గా తాకే చెయ్యి ఉన్నవాళ్లు జెఎఫ్ 344కి డబ్బు పెట్టొచ్చు. కొనేముందు టేపు పెట్టి బ్రిడ్జిలో తీగ గుండు కూర్చునే చోటి నుంచి నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే పట్టీ) దాకా కొలుచుకోండి, తీగ లావు భాగం అంతకంటే పొడవుండాలి. ఒంటి వెనక నుంచి తీగ దూర్చే బాస్ అయితే ఇంకా పొడవు కావాలి.

నాకు ఒక పని మిగిలింది. నా నట్‌లో గాళ్లు పాత లావు తీగలకి కోసినవి. 0.070 ఎ తీగ అందులో వదులుగా కూర్చుంది, ఓపెన్‌గా మోగిస్తే తంబూరాలో నూలుపోగు పెట్టినట్టు సన్నగా జుంయ్‌మంటుంది. నెల్లూరులో గిటార్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు, ఎముకతో కొత్త నట్ చెక్కిస్తానన్నారు. వచ్చే ఆదివారం ఆరాధన అవగానే బాస్ వీపున వేసుకుని బస్సెక్కుతా. అప్పటిదాకా ఎ ఓపెన్ రావాల్సిన చోటల్లా లావు తీగ ఐదో ఫ్రెట్‌లో వాయించి నెట్టుకొస్తున్నా.